చెల్కలో ఫుడ్ ఫారెస్ట్: ముందు నీడ, తర్వాత పండు

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు మా రెండెకరాల ఎర్ర చెల్కలో ఫుడ్ ఫారెస్ట్ పెంచుతున్నాం. పైన పెద్ద చెట్లు, వాటి కింద పండ్ల చెట్లు, ఆ కింద పొదలు, ఆకుకూరలు, నేలలో దుంపలు, కొమ్మల మీద తీగలు. అన్నీ తినేవే, లేదంటే తినేవాటికి అక్కరకొచ్చేవే. ఇది మూడో వానాకాలం. పని చేసిన రోజు రాత్రే నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. ఆ రాతల్లోంచి పనికొచ్చేవి ఏరి, కాస్త సాపు చేసి పెడుతున్నాను. మా జిల్లాలో గానీ పాలమూరు వైపు గానీ ఇలాంటి నేలలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే కొంత దారి దొరుకుతుందని ఆశ.

మొదలుపెట్టక ముందు

ఈ రెండెకరాలు ఒకప్పుడు బత్తాయి తోట. మా మామ ఇరవై అడుగులకో మొక్క చొప్పున, ఎకరాకు నూరు పైచిలుకు సాత్‌గుడి బత్తాయి పెట్టి పెంచారు. బాగా కాసిన ఏళ్లున్నాయి. తర్వాత బోరు వట్టిపోయింది. ఒక ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించి పోశారు, మరుసటేడు అదీ సాగలేదు. చెట్లన్నీ ఒకే రకం, ఒకే వయసు, వేర్లన్నీ ఇంచుమించు ఒకే లోతులో. నీళ్లు తగ్గేసరికి అన్నీ ఒకేసారి ఎండాయి. మొద్దులు కట్టెలకు పోయాక ఆ చేన్లో చాలా ఏళ్లు పత్తి, కంది వేశారు. గట్టు మీద ఎవరూ చెంబెడు నీళ్లు పోయని సీతాఫలం చెట్లు మాత్రం ఏటా కాస్తూనే ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూనే ఈ ఆలోచన నాకు గట్టిపడింది.

ఫుడ్ ఫారెస్ట్ గురించి చదవడం మొదలుపెడితే ముందుగా కనిపించేవి చలి దేశాల తోటలు. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో రాబర్ట్ హార్ట్ అనే ఆయన 1960ల నుంచి ఇలాంటి తోట ఒకటి పెంచాడు. దాని విస్తీర్ణం ఎకరంలో ఎనిమిదో వంతు, మన లెక్కలో ఐదు గుంటలు. పెద్ద చెట్టు నుంచి దుంప దాకా ఏడు పొరలు అనే లెక్క ఆయన చెప్పిందే. కేరళలో ఇళ్ల చుట్టూ ఉండే పెరటి తోటల నుంచి కూడా ఆయన నేర్చుకున్నాడు. అదే ఇంగ్లండ్‌లో, డెవన్‌లోని డార్టింగ్టన్‌లో మార్టిన్ క్రాఫర్డ్ అనే ఆయన 1994లో రెండెకరాల గడ్డి భూమిలో మొదలుపెట్టిన తోట ఇప్పటికీ ఉంది. అక్కడ ఆపిల్, చెస్ట్‌నట్, హేజెల్ లాంటి చెట్లు, కింద పుదీనా జాతులు, అడవి వెల్లుల్లి. నేలకు నత్రజని ఇవ్వడానికి ఆల్డర్ చెట్లు.

ఆ తోటల ప్లాన్లు పక్కన పెట్టుకుని మా చేనుకు గీయబోతే ఒక చోట ఆగిపోయాను. వాళ్లు చెట్లను దూరం దూరంగా పెట్టమంటారు. చెట్లు పూర్తిగా పెరిగాక కూడా కొమ్మల మధ్య ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోంచి ఎండ దిగకపోతే కింది పొరలు పండవు. యాభై డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోట అది నిజం. మేం ఉన్నది పదిహేడు డిగ్రీల దగ్గర. మాకు ఏప్రిల్, మే నెలల్లో కావాల్సినంత కంటే ఎక్కువ ఎండ. జామ, నిమ్మ, కరివేపాకు లాంటి చాలా మొక్కల ఆకుకు నడి మధ్యాహ్నం ఎండలో సగం సరిపోతుంది. మిగతాది ఆకును వేడెక్కించి నీళ్లు గుంజేస్తుంది.

వానలోనూ తేడా ఉంది. లండన్‌లో ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నల్లగొండలో 700 దాటుతుంది. మాకు వాన తక్కువని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, ఈ లెక్క చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. అక్కడ ఆ వాన పన్నెండు నెలలూ సన్నగా పడుతుంది. ఇక్కడ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపల, అదీ కొన్ని పెద్ద వానల్లో వచ్చి, వాగుల్లో పడి పోతుంది.

అందుకని చలి దేశాల తోటల నుంచి పొరల లెక్క తీసుకున్నాం, వరస మార్చుకున్నాం. ముందు నీళ్లు ఆపాలి, తర్వాత నీడ తేవాలి, ఆ నీడలో పండ్ల మొక్కలు పెట్టాలి. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. తమలపాకు తోటల్లో ముందు అవిశె వేసి, అది ఎదిగాక దాని నీడలో, దాని మొదలుకే తీగ పాకించేవాళ్లు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అలాంటి ఆకుతోట ఉండేది.

మొదటి ఏడు, రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలో కందకాల పని. చేను తూర్పు నుంచి పడమరకు సన్నగా వాలి ఉంది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో గీత గీయాలి. మూడు కర్రలతో ఇంగ్లిష్ ‘A’ అక్షరం ఆకారంలో చట్రం కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీస్తే సరిపోతుంది. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నప్పుడు దారం అడ్డకర్ర మీది గుర్తు దగ్గర ఆగుతుంది. అక్కడ మేకు కొట్టి, చట్రాన్ని తిప్పుకుంటూ ముందుకు పోవడమే.

మామ గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

“నీళ్లు ఎటు పోతయో కర్రల నడుగుడెందుకు బిడ్డా, నన్నడుగు.”

“మీరు చెప్పండి మామా, నేను మేకులు కొడత.”

ఆయన నడుస్తూ చేత్తో చూపించిన గీత, చట్రంతో వచ్చిన గీత దాదాపు కలిశాయి. పాత బత్తాయి పాదుల కాలువ ఉన్నచోట మాత్రం కలవలేదు. అక్కడ నేల కొంచెం గుంట పడిందని ఆయనే గుర్తు చేసుకున్నారు. ఆ చోట కందకం ఒడ్డును ఎత్తుగా పోయించాం.

లెక్క ఇలా వేశాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే దాదాపు నాలుగు వేల లీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే ఎనభై వేల లీటర్లు. యాభై మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో నిండా పాతిక వేల లీటర్లు పడతాయి. పడిన వాన అంతా పారదు, కొంత పడినచోటే ఇంకుతుంది. కాబట్టి ఎకరాకు అలాంటి కందకాలు రెండు మూడు ఉంటే మామూలు వాన గట్టు దాటదు. తవ్విన మట్టిని కిందివైపు ఒడ్డుగా పోశాం. పొక్లెయిన్ అడ్డదిడ్డంగా తవ్వుతుంటే పక్కనే ఉండి చూసుకోవాల్సి వచ్చింది. ఒడ్డు మట్టిని కూలీలే సరిచేశారు, ఆ పని మెషీన్‌తో చక్కగా రాదు.

మిర్గం (మృగశిర కార్తె)

మొదటి గట్టి వాన పడ్డ మర్నాడే విత్తనం. చేనంతా జనుము, జీలుగ, బొబ్బర్లు, పిల్లిపెసర కలిపి చల్లాం. కందకాల ఒడ్డున మూడడుగులకో చోట అవిశె, మునగ, ఆముదం, కంది వరసగా. గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటాం. దాని ఎండాకులో నత్రజని రెండున్నర శాతం దాకా ఉంటుంది. ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ చిగురేస్తుంది, మేకలు కూడా అంతగా ముట్టవు.

పెద్ద చెట్ల విషయంలో మేం మొక్కలు కొనలేదు, గింజలే పెట్టాం. చింత, వేప, నేరేడు, ఇప్ప. నర్సరీ కవరులో పెరిగిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది. గింజ పెట్టిన చోటే మొలిస్తే ఆ వేరు నేరుగా కిందికి దిగుతుంది. చెల్కలో ఒక మొక్క వేసవి దాటుతుందా లేదా అన్నది ఆ వేరు లోతును బట్టే ఉంటుంది. నేరేడు గింజకు ఓపిక తక్కువ. పండు తిన్న వారం లోపే భూమిలో పడాలి, ఎండబెట్టి దాస్తే మొలవదు. మన అదృష్టం ఏమిటంటే నేరేడు పండేదే తొలకరి రోజుల్లో. మా వీధి పిల్లలు తిని ఉమ్మిన గింజలు పోగుచేసి అదే సాయంత్రం పెట్టాం.

చింత గురించి రెండు మాటలు. మాది ఫ్లోరైడ్ ప్రాంతం. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దశాబ్దాలుగా తెలుసు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. వంకర తిరిగిన కాళ్లతో నడిచిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. చింతపండు తిన్నప్పుడు ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బాలురపై చేసిన పరిశీలనలో తేలింది, 2002లో ప్రచురించారు. తాగే నీళ్లు మంచివి కావడమే అసలు మందు, దానికి మారు లేదు. అయినా మా ప్రాంతంలో తిండి కోసం ఒక అడవి పెంచితే అందులో చింత ఉండి తీరాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. క్యాల్షియం కోసం మునగ కూడా.

పుష్యమి, ఆశ్లేష

అవిశె నడుము దాటి ఎదిగింది. ఇప్పుడు పండ్ల మొక్కలు పెట్టాం: సీతాఫలం, జామ, ఉసిరి, నిమ్మ, సపోటా, మామిడి. సీతాఫలంలో బాలానగర్ రకం. మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరే దానికి వచ్చింది, మన నేలకు పుట్టిన రకం.

ఒక్క సంగతి మాత్రం అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. పండ్ల మొక్క అవిశె వరసకు తూర్పు పక్కన ఉండాలి. అప్పుడు పొద్దున ఎండ దానికి నేరుగా తగులుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక, ఎండ ముదిరే వేళకు, అవిశె నీడ దాని మీదికి వస్తుంది. పడమర పక్కన పెట్టిన మొక్కకు నీడ దొరికేది పొద్దున, అప్పుడు దానికి నీడతో పనిలేదు. మేం రెండు వైపులా కొన్ని కొన్ని పెట్టి చూశాం. ఆ వేసవి దాటేసరికి తూర్పు పక్క మొక్కలు పడమటివాటికంటే కళ్లకు కనిపించేంత ముందున్నాయి.

కరివేపాకును నిమ్మకు చాలా దూరంగా, చేను ఇంకో మూలకు పెట్టాం. బత్తాయి, నిమ్మ చెట్లకు పసుపు తిప్పే తెగులును మోసే చిన్న పురుగు ఒకటుంది, అది కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఇంటి పెరట్లో రెండూ పక్కపక్కనే పెట్టడం మనకు అలవాటు. ఒక్క చెట్టుతో ఏమీ కాకపోవచ్చు. పది నిమ్మ చెట్లు పెట్టేవాళ్లు ఆలోచించుకోవాలి.

చేను చుట్టూ వాక్కాయ. ముల్లు గట్టిది, నీళ్లు అడగదు, కాయ పప్పులోకి, పచ్చడికి. మూడేళ్లకు కంచె అవుతుందనుకున్నాం, ఇప్పటికి ఛాతీ ఎత్తుకు వచ్చింది.

హస్త దాటాక

జనుము, జీలుగ కోసి అక్కడే పరిచాం. బొబ్బర్లు మాత్రం వదిలేస్తే సంక్రాంతి దాకా ఇంటికి సరిపడా వచ్చాయి. చేన్లో తనంతట తను మొలిచిన గంగవాయిలి కూర, గునుగు, తుమ్మికూరను పీకలేదు. బతుకమ్మకు గునుగు పువ్వు కోసుకుపోవడానికి ఆడపిల్లలు మా చేన్లోకి వచ్చారు. చుట్టూ పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టాక గునుగు కరువైందట.

ఆ గడ్డిమందే మాకూ తగిలింది. పక్క చేనులో గాలి ఉన్న రోజు కొట్టారు, మా ఉత్తరం గట్టు దగ్గరి మునగ, బొప్పాయి ఆకులు ముడుచుకుపోయాయి. మాట్లాడాం. కోపతాపాలు లేకుండానే తేలింది. ఇక నుంచి గాలి లేని పొద్దున పూట కొడతామన్నారు. మేం ఆ గట్టు మీద గ్లైరిసీడియాను దగ్గర దగ్గరగా నాటి గోడలా పెంచుతున్నాం.

శిశిరం

ఈ కాలానికి చలి దేశపు తోటకూ మా తోటకూ తేడా బాగా తెలిసింది.

అక్కడ ఆకు రాలేది అక్టోబరు, నవంబరులో, చలికీ వెలుతురు తగ్గినందుకూ. ఆ తర్వాత నెలల తరబడి తడి, చలి. రాలిన ఆకు మెల్లగా కుళ్లుతుంది, దాని కింద నత్తలు చేరి లేత మొక్కల్ని తింటాయి. వసంతంలో పెద్ద చెట్లు మళ్లీ ఆకు తొడిగేలోపు దొరికిన వెలుతురుతో అడవి వెల్లుల్లి లాంటివి గబగబా పెరిగి పూసేస్తాయి.

మన దగ్గర సీతాఫలం, మోదుగ, ఇప్ప ఆకు దులిపేది నీళ్లు దాచుకోవడానికి. అదీ మాఘం, ఫాల్గుణంలో, సరిగ్గా ఎండలు ముదరబోయే ముందు. నేలకు కప్పు కావాల్సిన వేళకే చెట్టు కప్పు వేస్తుంది. మనం చేయాల్సిందల్లా దాన్ని ఊడ్చి తగలబెట్టకుండా ఉండడం. ఈ మాట మా ఇంట్లో ఒప్పించడానికి నాకు చాలా రోజులు పట్టింది. చేను శుభ్రంగా ఉండాలనేది మా అత్తకు ఊపిరి లాంటి నియమం. ఎండాకులు చూస్తే ఆమెకు చేయి ఆగదు. ఇప్పుడు బాట వరకే ఊడుస్తున్నారు, చెట్ల కింద వదిలేస్తున్నారు.

మా దగ్గర నత్తల బెడద లేదు, చెదలుంది. ఎండాకు కనబడితే చాలు చెదలు వస్తుంది. చెదలు తినేది ఎక్కువగా చచ్చిన కట్టె, ఎండిన ఆకు. పచ్చి మొక్కను పట్టుకునేది అది దాహంతో డీలా పడినప్పుడే అని మేం గమనించాం. అందుకని ఆకు కప్పును మొదలుకు జానెడు దూరంలో ఆపుతాం, మొదలు చుట్టూ మట్టి కనబడేలా ఉంచుతాం. పెద్ద చెట్టుకైనా చెదలు తక్కువ శత్రువు కాదు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు దాన్ని. ఆ ఫొటోలు చూసినప్పుడు మనసు కలుక్కుమంది.

మొదటి వేసవి

నీళ్లు పండ్ల మొక్కలకు మాత్రమే. డ్రిప్పు ఒక లైను, అది అందని చోట మట్టి కుండలు. పూత పూయని పాత కుండలు కుమ్మరి ఇంట్లో తక్కువకే దొరికాయి. మెడ దాకా పాతి, నింపి, మూత పెడితే గోడల్లోంచి ఊరుతూ వేర్లకే నీళ్లు పోతాయి, పైన గడ్డి మొలవదు. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు తీసుకెళ్లాం. పక్కన దున్ని వదిలేసిన చెల్కలో మట్టిపైన యాభై ఎనిమిది డిగ్రీలు చూపించింది. మా అవిశె నీడలో, ఆకు కప్పు కింద, ముప్పై ఆరు. వేలితో కప్పు జరిపి చూస్తే పైన రెండు పొరలు కరకరలాడే ఎండాకు. దాని కింద ఆకు నల్లగా మెత్తబడి, తెల్లటి బూజు దారాలు దాన్ని మట్టికి కుట్టేసినట్టు పట్టుకుని ఉన్నాయి. ఇంకా కిందికి వేలు పోనిస్తే మట్టి చల్లగా తగిలింది. పిడికిట పట్టి నొక్కితే ముద్దయింది, వదిలితే విడిపోయింది. ఏడాది ముందు అదే జాగాలో గునపం దిగడానికి కష్టపడ్డాం. మామ ఆ మట్టిని వాసన చూసి, ఏమీ అనకుండా మళ్లీ కప్పేశారు.

ఆ వేసవిలో పోయిన మొక్కలు ఎక్కువగా సపోటా, మామిడి. సీతాఫలం, ఉసిరి దాదాపు అన్నీ నిలిచాయి. జామలో మూడొంతులకు ఒక వంతు పోయింది. గింజ నుంచి వచ్చిన చింత పైకి జానెడే కనిపించింది, కానీ ఒక్కటీ వాడలేదు. పోయినవాటి చోట మళ్లీ మామిడి పెట్టలేదు, ఉసిరి, రేగు పెట్టాం. ఏది నిలుస్తుందో నేల చెప్పాక దాని మాట వినడమే మంచిదని నా అభిప్రాయం.

రెండో ఏడు, వానాకాలం

ఈసారి కింది పొరల పని. అవిశె నీడలో పసుపు, కంద, చామ పెట్టాం. ఎదురెండలో వేసిన పసుపు ఆకుల అంచులు ఎండిపోతే నీడలోది పచ్చగా నిలిచింది. గ్లైరిసీడియా మీదికి దొండ, తీగబచ్చలి పాకించాం. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది బోడకాకర. దుంప భూమిలోనే ఉంటుంది. వేసవంతా నిద్రపోయి తొలివానకు తనే లేస్తుంది, నీళ్లు అడగదు, వానాకాలంలో సంతకు తీసుకెళ్తే రేటు మీద బేరమాడేవాళ్లు కూడా తక్కువ. కాకపోతే ఆడ తీగ, మగ తీగ వేరు వేరు. పది ఆడ తీగలకు కనీసం ఒక మగ తీగ లేకపోతే పూతే తప్ప కాయ ఉండదు. మగ పువ్వు కింద గుండ్రటి ఆకు లాంటి రేకు ఉంటుంది, ఆడ పువ్వు కింద ముళ్ల పిందె. దుంపలు తెచ్చుకునేటప్పుడే పూత చూసి గుర్తుపెట్టుకుని తెచ్చుకోవాలి.

కోతుల సంగతి చెప్పకపోతే ఇది నల్లగొండ డైరీ కాదు. జామ పిందె మీదే మొదలుపెడతాయి. బొప్పాయి, మక్క గురించి చెప్పక్కర్లేదు. పసుపు, కంద, నిమ్మ, కరివేపాకు, వాక్కాయ జోలికి మా దగ్గర పెద్దగా రాలేదు. అందుకే ఊరివైపు, గుట్టవైపు ఉండే అంచుల్లో ఇవే ఉంచి, జామను చేను నడుమకు, మనుషులు తిరిగే బాట పక్కకు తెచ్చాం. కోతులు పూర్తిగా ఆగవు, తగ్గాయి. గట్టు అవతల రేగు, నేరేడు పెరిగి వాటికి తిండి అక్కడే దొరికితే ఇంకా తగ్గుతాయని నా ఆశ.

సీతాఫలం పూత

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మా గట్టు మీది పాత చెట్లు ఎందుకు కాస్తున్నాయో దీనితోనే అర్థమైంది.

సీతాఫలం పువ్వు ముందు ఆడది, తర్వాత మగది. రేకులు కొంచెంగా విచ్చుకున్నప్పుడు లోపలి కీలాగ్రం తడిగా, జిగటగా మెరుస్తుంది. అప్పుడు పుప్పొడి పడితేనే కాయ. అదే పువ్వు పుప్పొడి వదిలేసరికి ఆ తడి ఆరిపోయి ఉంటుంది. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చేది తేనెటీగ కాదు, నువ్వుగింజ కంటే చిన్న నల్ల పురుగు. అది రేకుల సందులో దూరి తిరుగుతుంది. ఆ పురుగు పెరిగేది కుళ్లిన పండ్లలో, తడి ఆకు కప్పు కింద. చెట్టు కింద అద్దంలా ఊడ్చిన తోటలో దానికి ఇల్లు ఉండదు. పైగా మే నెల వడగాలికి కీలాగ్రం గంటల్లోనే ఆరిపోతుంది. మా గట్టు కింద ముళ్లకంప, ఎండాకు, రాలిన పండు, అన్నీ ఎవరూ తీయకుండా ఉండిపోయాయి. అందుకే అక్కడ కాయ నిలుస్తోంది.

చేత్తో కూడా చేసి చూశాం. సాయంత్రం పుప్పొడి వదులుతున్న పువ్వులు కోసి కాగితం మీద ఉంచాం. తెల్లారి చల్లని వేళ, సన్న కుంచెతో ఆ పొడి తీసి, అప్పుడే విచ్చుకుంటున్న పువ్వు రేకుల్ని రెండు వేళ్లతో వెడల్పు చేసి లోపల రాశాం. రాసిన కొమ్మలకు రంగు దారం కట్టాం. ఆ కొమ్మల్లో కాయలు గుండ్రంగా, అన్ని వైపులా సమంగా కళ్లు తేలి వచ్చాయి. మామూలు కాయల్లో చాలా వాటికి ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. పుప్పొడి అందని పక్క గింజ లేదు, గింజ లేనిచోట గుజ్జు లేదు. చేతి పని మంచిదే, కానీ ఎకరాల లెక్కన ఎవరూ చేయలేరు. అందుకే రాలిన పండ్లను ఇప్పుడు చెట్ల మధ్య కుప్పలుగా వదిలేస్తున్నాం. పిండినల్లి పట్టిన కాయలు మాత్రం ఏరి దూరంగా పాతిపెడుతున్నాం, లేకపోతే అదీ పెరుగుతుంది.

మూడో వానాకాలం, ఇప్పుడు

జీవామృతం మొదటి ఏడు నుంచీ వాడుతున్నాం: రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల ఆవుపేడ, ఐదారు లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను. రెండు రోజులు నీడలో పులియనిచ్చి పోస్తాం. ఈ ఏడు పోసే సార్లు తగ్గించాం, ఎందుకంటే ఆకు కప్పు తన పని తను చేస్తోంది. బెల్లం ఖర్చు కూడా తగ్గింది.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. మొదటి రెండేళ్లూ బొబ్బర్లు, కంది, పుంటికూర, మునగ మీద వచ్చింది కూలీల ఖర్చుకు దగ్గరగా వచ్చింది, దాటలేదు. ఈ ఏడు బోడకాకర, పసుపు, దొండ తోడయ్యాయి, పాత సీతాఫలాలు ఎలాగూ ఉన్నాయి. కొత్త సీతాఫలాలు తొలిపూత చూపించాయి. ఇంటి తిండి మాత్రం నిజంగా మారింది. రోజూ ఏదో ఒక ఆకు, ఏదో ఒక కాయ చేను నుంచే వస్తోంది. భూమంతా దీనికే ఇచ్చి, అప్పు తెచ్చి తిండి కొనుక్కోవాల్సి వచ్చేవాళ్లు ఇలా మొదలుపెట్టొద్దు. సగం భూమిలో మామూలు పంట ఉంచుకుని, ఐదు గుంటలతో మొదలుపెడితే చాలు.

ఇప్పుడు ముందున్న పని అవిశెను నరకడం. దాని నీడ పని దాదాపు అయిపోయింది. జామ, ఉసిరి కొమ్మలు దాని కొమ్మల్లోకి దూరుతున్నాయి. వానాకాలంలో మబ్బు వల్ల వెలుతురు తగ్గుతుంది కాబట్టి నీడ అక్కర లేదు, పైగా కొట్టిన ఆకు తడికి త్వరగా నేలలో కలుస్తుంది. నేను అన్ని వరసలూ ఆశ్లేషలో కొట్టేద్దామన్నాను. మామ ఒప్పుకోలేదు.

“పడమటి దిక్కు రెండు వరసలు ఉంచు బిడ్డా. వచ్చే ఎండకాలం జామలు ఇంక అంత బలం కావు.”

ఆయన మాటే బాగుంది. పడమటి రెండు వరసల్నీ తలలు మాత్రం కొట్టి ఉంచుతాం, మిగతావి మోకాలెత్తుకు కోస్తాం. పువ్వు, లేత ఆకు కూరకు, మిగిలింది మేకలకు, కాండం అక్కడే కప్పుగా. గింజలు ఇప్పటికే డబ్బాలో ఎత్తిపెట్టాం, వచ్చే మిర్గానికి ఇంకో అరెకరంలో ఇదే వరసలో మొదలుపెట్టాలి: కందకం, అవిశె, ఆ తర్వాత పండు.